పల్నాడు హైస్కూళ్లను పోల్చే పట్టిక మారాలి: జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ



పదో తరగతి ఫలితాలు వచ్చిన మర్నాటికల్లా నరసరావుపేట సెంటర్లలో కొత్త ఫ్లెక్సీలు లేస్తాయి. వాటి మీద నవ్వే పిల్లలు దాదాపుగా ప్రైవేటు స్కూళ్ల పిల్లలే. జిల్లా పరిషత్ హైస్కూలుకు ఫ్లెక్సీ కట్టించే వాళ్లు అరుదు. వాటి సంగతంతా ఒక పట్టికలో తేలిపోతుంది. బడి పేరు, పరీక్ష రాసినవాళ్లు, పాసైనవాళ్లు, చివర శాతం. పెద్ద శాతం పైన, చిన్న శాతం కింద. ఆ పట్టిక సమీక్షా సమావేశంలో చదువుతారు, సాయంత్రానికి టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది, ఆ తర్వాత పేపర్ల జిల్లా పేజీలోకి ఎక్కుతుంది. పైనున్న హెచ్‌ఎంకు శాలువా, కిందున్న హెచ్‌ఎంకు సంజాయిషీ. జూన్‌లో పిల్లను ఆరో తరగతిలో ఎక్కడ చేర్చాలో తేల్చుకోవలసిన తల్లిదండ్రుల చేతికి అందేది కూడా ఆ శాతం ఒక్కటే.

ఈ లేఖ ఆ పట్టిక గురించి. పోలికే వద్దనే వాదన దీనిలో లేదు. ప్రజల డబ్బుతో నడిచే బడుల్లో ఏది ఎలా ఉందో ప్రజలకు తెలియాలి, తెలియాలంటే పక్కపక్కన పెట్టి చూడాలి. 28 మండలాలు, మూడు రెవెన్యూ డివిజన్లు, కాలవ కింద మాగాణి నుంచి నల్లమల అంచు తండాల దాకా పరుచుకున్న పల్నాడులో ఆ అవసరం మరీ ఎక్కువ. చిక్కల్లా ఇప్పటి పట్టికతోనే. అది బడి ఎంత చేసిందో చెప్పదు, బడికి ఎలాంటి ఇళ్ల నుంచి పిల్లలు వచ్చారో మాత్రం చాటుగా చెబుతుంది.

ఆ శాతం ఎంత గాలివాటమో రాష్ట్రం లెక్కల్లోనే ఉంది. 2019లో పదో తరగతి ఉత్తీర్ణత 94.88 శాతం. కరోనా మూలంగా 2020, 2021లలో పరీక్షలు రద్దయ్యాయి, అందరూ పాసే. 2022లో మళ్లీ పరీక్ష పెట్టేసరికి 67.26. తర్వాత 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14. 2019కీ 2022కీ మధ్య రాష్ట్రంలో టీచర్లందరూ పాఠం చెప్పడం మరిచిపోయారా? లేదు. బడి చేతిలో ఉండే 20 ఇంటర్నల్ మార్కులు పోయాయి, తలుపులు మూసిన బడుల్లో రెండేళ్లు గడిచాయి, పేపర్ల తీరు మారింది. అలాగే 2022 నుంచి 2024కు 19 పాయింట్లు ఎగబాకినప్పుడు బోధన అంతకంత మెరుగుపడిందని కూడా ఎవరూ ప్రమాణం చేసి చెప్పలేరు. 2025లో మళ్లీ ఐదున్నర పాయింట్లు జారింది. ఆరు లక్షల మంది పిల్లల సగటే ఇంతలా ఊగినప్పుడు, పట్టుమని ఇరవై మంది రాయని బడి సంగతి చెప్పేదేముంది?

ఒక లెక్క వేసి చూడవచ్చు. బొల్లాపల్లి మండలంలో ఒక చిన్న హైస్కూలు నుంచి 12 మంది పరీక్ష రాశారనుకుందాం. ఒక్క పిల్ల గణితంలో 33 దగ్గర ఆగిపోయింది. బడి శాతం 100 నుంచి 91.67కు పడిపోతుంది. నరసరావుపేట పట్టణంలో 150 మంది రాసిన బడిలో అలాగే ఒక్కరు తప్పితే 99.33. ఇద్దరు హెచ్‌ఎంలకూ జరిగింది ఒకటే, పట్టికలో మాత్రం ఒకరు పైనుంటారు, ఒకరు ఎక్కడో మధ్యలో పడతారు. మరుసటి ఏడాది ఆ చిన్న బడిలో అందరూ పాసైతే సన్మానం. రెండేళ్లలో ఆ బడిలో మారింది ఏమీ లేకపోవచ్చు. 2025లో రాష్ట్రవ్యాప్తంగా 1,680 బడులు నూటికి నూరు సాధించాయి, 19 బడుల్లో ఒక్కరూ పాస్ కాలేదు. ఇలాంటి జాబితాల్లో రెండు కొసలకూ చేరేవి ఎక్కువగా చిన్న బడులే.

ఈ మాయలో పడినవాళ్లు చిన్నవాళ్లేమీ కాదు. అమెరికాలో గేట్స్ ఫౌండేషన్ ఈ శతాబ్దం మొదట్లో చిన్న బడులే మేలని నమ్మి వందల కోట్ల డాలర్లు ఖర్చుపెట్టింది. ఉత్తమ బడుల జాబితాలో చిన్నవే ఎక్కువగా ఉండటం ఆ నమ్మకానికి ఊతం. అధమ బడుల జాబితాలోనూ చిన్నవే ఎక్కువని గణాంక నిపుణులు తర్వాత ఎత్తిచూపారు. కొన్నేళ్లకు ఫౌండేషన్ ఆ దారి వదిలేసింది. పల్నాడులో ఇంత ఖర్చు అక్కర్లేదు. ఒక్క ఏడాది శాతం బదులు మూడేళ్ల సగటు వేస్తే సగం జబ్బు నయమవుతుంది.

మిగతా సగం మొండిది.

రాష్ట్ర బోర్డు కింద ఉన్న ప్రభుత్వ బడులన్నీ ఒకే జాతి అన్నట్టు పట్టిక వాటిని ఒకే వరుసలో నిలబెడుతుంది. అసలు సర్కారు చదువులో ఎన్ని మెట్లున్నాయో కలెక్టర్ కార్యాలయానికి కొత్తగా చెప్పనక్కర్లేదు. అన్నిటికన్నా పై మెట్టు మీద చిలకలూరిపేట మండలం మద్దిరాలలోని జవహర్ నవోదయ. ఉమ్మడి గుంటూరు జిల్లా అంతటికీ ఏటా ఆరో తరగతిలో 80 సీట్లు, వాటికి ప్రవేశ పరీక్ష. దాని కింద ఏపీ రెసిడెన్షియల్ గురుకులాలు, అంబేడ్కర్ గురుకులాలు, వాటికీ ఐదో తరగతిలో పరీక్షే. ఆ తర్వాత మోడల్ స్కూళ్లు. 2024 డిసెంబరులో కేంద్రం మంజూరు చేసిన కొత్త కేంద్రీయ విద్యాలయాల్లో మాచర్ల మండలం తాళ్లపల్లెకు ఒకటి, రొంపిచర్లకు ఒకటి వచ్చాయి. అవి నిండేకొద్దీ చుట్టుపక్కల ఊళ్ల నుంచి మరికొంత మంది పిల్లలు అటు వెళ్తారు. ఇక బడి మధ్యలో మానేసిన ఆడపిల్లలకూ, తల్లీతండ్రీ లేని ఆడపిల్లలకూ కస్తూర్బా విద్యాలయాలు వేరే ఉన్నాయి.

ఇన్ని జల్లెడలు పట్టాక మిగిలిన పిల్లలందరూ వచ్చేది ఊళ్లోని జెడ్పీ హైస్కూలుకే. దానికి ప్రవేశ పరీక్ష లేదు. ఎవరు తలుపు తట్టినా చేర్చుకోవాలి, నవంబరులో వలస నుంచి వచ్చినా సరే, ఏడో తరగతి వరకు ఇంకో ఊళ్లో చదివి టీసీ లేకుండా వచ్చినా సరే. ఏపీ రెసిడెన్షియల్ బడులు 2025లో 95 శాతం ఉత్తీర్ణత సాధించాయంటే అక్కడి టీచర్లనూ వార్డెన్లనూ మెచ్చుకోవలసిందే. కానీ రాష్ట్ర సగటుతో వాటికున్న తేడా మొత్తం బోధన పుణ్యమే అనుకుంటే లెక్క తప్పుతుంది. వాటి పిల్లలు ఐదో తరగతిలోనే ఒక పరీక్ష గెలిచి వచ్చారు.

ఈ ఎంపిక సంగతి పట్టించుకుంటే ఫలితం ఎలా తిరగబడుతుందో చూపిన పెద్ద ప్రయోగం తెలుగు నేల మీదే జరిగింది. 2008 నుంచి నాలుగేళ్ల పాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐదు జిల్లాల 180 గ్రామాల్లో, ప్రభుత్వ బడి పిల్లల్లో కొందరిని లాటరీ ద్వారా ఎంపిక చేసి, ఫీజు కట్టి ప్రైవేటు బడులకు పంపారు. ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ దాన్ని అధ్యయనం చేశారు. మామూలుగా పోల్చితే ప్రైవేటు బడి పిల్లలకు మార్కులు ఎక్కువే. లాటరీలో వెళ్లిన పిల్లలనూ, వెళ్లాలని ఉండి లాటరీ తగలని పిల్లలనూ పోల్చినప్పుడు మాత్రం తెలుగులో గానీ గణితంలో గానీ తేడా కనిపించలేదు. హిందీలో ప్రైవేటు పిల్లలు ముందున్నారు, ఎందుకంటే ఆ బడుల్లో హిందీకి గంటలు ఎక్కువ. తక్కువ ఖర్చుతో అదే ఫలితం తెచ్చారన్న మంచి మాట కూడా ప్రైవేటు బడులకు దక్కింది. అది నిజాయితీగా ఒప్పుకోవలసిందే. ఫ్లెక్సీ మీద కనిపించే మార్కుల వెనక బడి వాటా ఎంత, ఇంటి వాటా ఎంత అన్నదానికి ఇంతకన్నా గట్టి జవాబు దొరకడం కష్టం. ఆ అధ్యయనం ప్రాథమిక బడులది, హైస్కూళ్లది కాదు. తర్కం మాత్రం పదో తరగతికీ సరిపోతుంది.

కలెక్టర్ గారూ, ఇక శాతంలో కింద ఉండే అంకె దగ్గరికి వద్దాం. పరీక్ష రాసినవాళ్లలో పాసైనవాళ్లు ఎందరు అని పట్టిక లెక్కగడుతుంది. రాయని పిల్లలు దానికి పుట్టనట్టే. ఒక బడిలో ఆరో తరగతిలో 60 మంది చేరారనుకుందాం. పది దాకా వచ్చి పరీక్ష రాసింది 40 మంది, పాసైంది 38. శాతం 95. పక్క మండలం బడిలోనూ 60 మందే చేరారు, 58 మంది రాశారు, 47 మంది పాసయ్యారు. శాతం 81. మొదటి బడికి శాలువా, రెండో బడికి సంజాయిషీ నోటీసు. చేరిన 60 మందిని లెక్కేస్తే మొదటి బడి గట్టెక్కించింది 63 శాతం మందిని, రెండోది 78 శాతం మందిని. ఏ బడి మెరుగో మీరే చెప్పండి.

ఈ లెక్క వేయడానికి కొత్త సర్వే ఏదీ అక్కర్లేదు. బడుల వివరాలు నమోదుచేసే యూడైస్ వ్యవస్థలో ప్రతి బడికీ 11 అంకెల కోడ్ ఉంది, ఏటా సెప్టెంబరు 30 నాటి పిల్లల సంఖ్య దాని పోర్టల్లో ఉంటుంది. ఒక బడి వదిలి ఇంకో బడిలో చేరని పిల్లల పేర్లు 'డ్రాప్ బాక్స్'లో పడతాయి. ఆ బాక్స్ ఖాళీ చేయమని ఎంఈవోలకు, సీఆర్పీలకు ఫోన్ల మీద ఫోన్లు వస్తుంటాయి, అంటే సంఖ్యలు ఎవరి దగ్గరా లేవని కాదు. పదో తరగతి నామినల్ రోల్స్ పరీక్షల విభాగం దగ్గర ఉంటాయి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టే పని మాత్రం జరగడం లేదు.

పైగా ఇప్పటి పద్ధతి బడికి ఒక చెడ్డ ఆశ పుట్టిస్తుంది. గణితంలో గట్టెక్కేలా లేని పిల్లవాడు తొమ్మిదిలోనే మానేస్తే బడి శాతం పెరుగుతుంది. వాణ్ని ఓపెన్ స్కూలుకు కట్టించుకోమని చెబితే ఇంకా మంచిది. ఏ హెచ్‌ఎం అలా చేస్తున్నాడని ఇక్కడ అనడం లేదు. ఎక్కువమంది టీచర్లు అలాంటి పిల్లవాడి కోసం ఇంటి గడప దాకా వెళ్లేవాళ్లే. కానీ వెళ్లి తీసుకొచ్చిన టీచరు బడికి పట్టికలో శిక్ష, వెళ్లని టీచరు బడికి బహుమతి. ఇంగ్లండ్‌లో 1992 నుంచి బడుల మార్కుల పట్టికలు బహిరంగంగా ప్రకటిస్తున్నారు. 2016, 2017 మధ్య ఒక్క ఏడాదిలో, చివరి పరీక్షకు ముందు బడుల రిజిస్టర్ల నుంచి దాదాపు 19,000 మంది పిల్లలు మాయమయ్యారని అక్కడి తనిఖీ సంస్థ ఆఫ్‌స్టెడ్ లెక్కతీసింది. అందరినీ బడులే గెంటేశాయని కాదు. అనుమానం రావడానికి ఆ సంఖ్య చాలు. 2016 నుంచి ఆ దేశం హైస్కూళ్లకు ఇంకో కొలత కూడా పెట్టింది. పదకొండేళ్ల వయసులో పిల్ల ఏ స్థాయిలో ఉంది, పదహారేళ్లకు అలాంటి మిగతా పిల్లలతో పోలిస్తే ఎంత ముందుకు వెళ్లింది అని చూసే కొలత అది. దానికి 'ప్రోగ్రెస్ 8' అని పేరు. దానిలోనూ లోపాలున్నాయి, దాని మీదా గొడవలున్నాయి. అయినా మొదలుపెట్టిన చోటును లెక్కలోకి తీసుకున్నారు.

పల్నాడులో మొదలయ్యే చోట్లు ఎలా ఉంటాయో నాగార్జునసాగర్ కుడికాలవ మీద ఒకసారి ప్రయాణిస్తే తెలుస్తుంది. కాలవ నీళ్లు పారే ఊరికీ, వర్షం మీద బతికే ఊరికీ బడి రిజిస్టర్లోనే తేడా కనిపిస్తుంది. మెట్ట మండలాలైన వెల్దుర్తి, దుర్గి, బొల్లాపల్లిలో లంబాడీ తండాలు ఎక్కువ. అక్కడి పిల్లకు ఇంట్లో మాట్లాడేది గోర్ బోలి, బడిలో వినేది తెలుగు, పరీక్ష రాయవలసింది ఇప్పుడు ఎక్కువగా ఇంగ్లిష్‌లో. 2025లో రాష్ట్రంలో పదో తరగతి పరీక్షకు నమోదైన పిల్లల్లో 5.64 లక్షల మంది ఇంగ్లిష్ మాధ్యమం వాళ్లే, తెలుగు మాధ్యమం 51 వేల పైచిలుకు. మూడో భాషలో సాంఘికశాస్త్రం రాసే తండా పిల్ల 36 మార్కులు తెచ్చుకుంటే అది నరసరావుపేట పిల్ల 75కు తీసిపోదు. పట్టికకు ఆ రెండూ ఒకటే, 'పాస్'. ఇంకో రెండు మార్కులు తగ్గితే ఇద్దరి మధ్యా గోడ.

తర్వాత మిరప. పల్నాడు మిరపకు పేరు మోసిన చోటు. కోతలు ముమ్మరంగా సాగేది జనవరి నుంచి ఏప్రిల్ దాకా. పదో తరగతి పరీక్షలు మార్చి మధ్యలో. 2025లో అవి మార్చి 17న మొదలయ్యాయి. 'స్పెషల్ క్లాసులు', 'గ్రాండ్ టెస్టులు', 'వంద రోజుల ప్రణాళిక' అని విద్యాశాఖ పెట్టుకున్న కాలమంతా కూలీ ఇళ్లల్లో రోజు కూలికి గిరాకీ ఉండే కాలం. ఒక పిల్ల చేనుకు వెళ్తే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. వెళ్లకపోతే చెల్లెలు వెళ్లాలి. అంతకుముందు దసరా తర్వాత పత్తి తీతలు. పిడుగురాళ్ల వైపు సున్నపు బట్టీలు, మాచర్ల వైపు నాపరాయి క్వారీలు, వాటికి పండగ సీజన్లూ పరీక్ష సీజన్లూ ఉండవు. కర్నూలు, ప్రకాశం వైపు నుంచి మిరప కోతలకు కుటుంబాలతో సహా వచ్చే కూలీల పిల్లలు ఈ జిల్లా రిజిస్టర్లోనూ ఉండరు, సొంత ఊరి బడిలోనూ ఉండరు. జనవరి నుంచి మార్చి దాకా హాజరు శాతాన్ని ఏ బడి ఎంత నిలబెట్టుకుందో చూస్తే, పాస్ శాతం కన్నా ఆ అంకె ఎక్కువ చెబుతుంది. అది కూడా ఫోన్ యాప్‌లో రోజూ నమోదవుతున్న అంకే.

ఆడపిల్లల విషయం వేరుగా చెప్పాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ల వయసు స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఖాళీ అయ్యే బెంచీలకు ఇది ఒక కారణం. ఆపైన దూరం. ఊళ్లో యూపీ స్కూలు అయిపోయాక హైస్కూలు నాలుగైదు కిలోమీటర్లు. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చింది. ఛార్జీ సమస్య పోయింది. అయితే ఉదయం 9 గంటల బడికి 10.30కు వచ్చే బస్సు ఉచితమైనా ఒకటే, డబ్బులు తీసుకున్నా ఒకటే. బడివేళకు బస్సు ఉన్న హైస్కూళ్లు ఎన్ని, లేనివి ఎన్ని అన్న జాబితా ఏదైనా సమీక్షలో ఎవరైనా చదివారా?

టీచర్ల సంగతి ఇంకా సూటిగా తేలుతుంది. హైస్కూలు నడవాలంటే ఏడుగురు కావాలి. తెలుగు, హిందీ, ఇంగ్లిష్, గణితం, భౌతికశాస్త్రం, జీవశాస్త్రం, సాంఘికశాస్త్రం. బదిలీ చట్టం ప్రకారం ఎనిమిదేళ్లు నిండిన టీచరు, ఐదేళ్లు నిండిన హెచ్‌ఎం కదిలి తీరాలి. సౌకర్యాలు లేని ఊరికి పాయింట్లు ఎక్కువ. వ్యవస్థ న్యాయంగానే ఆలోచించింది. ఆచరణలో జరిగేది తెలిసిందే. కొత్తగా డీఎస్సీ రాసి వచ్చినవాళ్లు వెల్దుర్తిలోనో బొల్లాపల్లిలోనో చేరతారు, పాయింట్లు పండించుకుని నరసరావుపేట దగ్గరికి వస్తారు. మాచర్లకూ నరసరావుపేటకూ ఎనభై కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. సొంత పిల్లల చదువుకోసం జిల్లా కేంద్రంలో కాపురం పెట్టిన టీచరును తప్పుపట్టడం తేలిక, వాళ్ల పిల్లలూ పిల్లలే. 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ జరిగి, సెప్టెంబరులో నియామక పత్రాలు అందాయి కాబట్టి చాలా ఖాళీలు నిండి ఉంటాయి. అయినా ఫలితాలను పోల్చేటప్పుడు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఆ పదో తరగతి పిల్లలు ఎనిమిది, తొమ్మిది, పది చదివిన మూడేళ్లలో ఎన్ని నెలలు గణితం టీచరు లేడు? ఎన్ని నెలలు 'సర్దుబాటు' మీద వేరే బడి టీచరు వారానికి రెండు రోజులు వచ్చిపోయాడు? 2022లో జీవో 117 వచ్చి మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని హైస్కూళ్లలో కలిపి, 2025లో మళ్లీ విడదీశారు. ఆ మధ్యలో ఎన్ని హైస్కూళ్లలో సబ్జెక్టు టీచర్లు చిన్నపిల్లలకూ పెద్దపిల్లలకూ పరుగులు తీశారో వాళ్లను అడిగితే చెబుతారు. గణితం టీచరు ఏడాదిన్నర లేని బడి 70 శాతం తెచ్చుకోవడం, ఏడుగురూ నిండుగా ఉన్న బడి 85 తెచ్చుకోవడం, వీటిలో ఏది గొప్ప అని పట్టిక చెప్పలేదు.

గొప్పలు కూడా ఉన్నాయి, వాటినీ పట్టిక సరిగ్గా చెప్పలేదు. 2025 ఫలితాల్లో కారంపూడి మండలం ఒప్పిచర్ల జిల్లా పరిషత్ హైస్కూలు నుంచి ఒక విద్యార్థిని 600కు 598 మార్కులు తెచ్చుకుంది. రాష్ట్రంలో ప్రభుత్వ బడుల పిల్లల్లో అది అబ్బురమైన ఫలితం. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టించాడని చెప్పుకునే కారంపూడి గడ్డ అది. అక్కడి ఊరి బడి నుంచి ఆ మార్కులు రావడం పల్నాడుకంతా పండగే అయింది. నాయకులు, పత్రికలు, టీవీలు వెళ్లాయి. బాగుంది. అయితే ఒక్క పిల్ల మార్కులు కూడా ఒక బడిని కొలిచే బద్ద కాలేవు. ఆ పిల్లతో పాటు పరీక్ష రాసిన చివరి పిల్ల ఎంత దూరం వచ్చింది? ఆ బడి టీచర్లు చేసిన పని ఏమిటి, దాన్ని పక్క మండలం బడికి నేర్పవచ్చా? అది రాసి పెట్టిన కాగితం విద్యాశాఖ దగ్గర ఉంటే నిజంగా పనికొచ్చేది.

తల్లిదండ్రులు తమ సొంత కొలతలు ఎప్పుడో తయారుచేసుకున్నారు. వాటిని గమనిస్తే అధికారులకు పని తేలికవుతుంది. 'ట్రిపుల్ ఐటీ సీట్లు ఎన్ని వచ్చాయి?' అన్నది మొదటిది. ఆర్జీయూకేటీ కింద నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం క్యాంపసుల్లో సీట్లు పదో తరగతి మార్కులతోనే ఇస్తారు, ప్రభుత్వ బడి పిల్లలకు 4 శాతం అదనపు మార్కులు కలుపుతారు. ఆ ఒక్క కారణంతో ప్రైవేటు నుంచి జెడ్పీ హైస్కూలుకు పిల్లల్ని మార్చేవాళ్లు ఉన్నారు. తర్వాతది ఎన్‌ఎంఎంఎస్. ఎనిమిదో తరగతిలో రాసే ఈ పరీక్ష పాసైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్లు ఏడాదికి 12,000 రూపాయల ఉపకార వేతనం. రాష్ట్రానికి 4,087 మంది కోటా. ఇంటి ఆదాయం మూడున్నర లక్షల లోపు ఉండాలి. దీన్ని ప్రైవేటు పిల్లలు రాయలేరు కాబట్టి, ఒక బడిలో ఎంతమంది చేత రాయించారు, ఎంతమందికి వచ్చింది అన్నది టీచర్ల పట్టుదలకు నికార్సయిన గుర్తు. సెలవురోజు వచ్చి మెంటల్ ఎబిలిటీ లెక్కలు చేయించే టీచరు ఎవరో ఊరంతటికీ తెలుసు. జిల్లా పట్టికకే తెలియదు.

ఫెయిలైన పిల్లల లెక్క కూడా అలాంటిదే. 2025లో సప్లిమెంటరీ పరీక్షలు మే 19 నుంచి 28 దాకా జరిగాయి. ఎండలకు పేరు మోసిన రెంటచింతల ప్రాంతంలో, సెలవుల్లో, ఫెయిలైన పిల్లను మళ్లీ పిలిచి కూర్చోబెట్టి రాయించి పాస్ చేయించిన బడికి ఏ జాబితాలోనూ చోటు లేదు. ఏప్రిల్ శాతమే చివరి శాతం. మేలో జరిగిన పని గాలికి పోతుంది.

కనుక మీ ముందు పెట్టే విన్నపం చిన్నది. జిల్లాలోని ప్రతి ప్రభుత్వ, జెడ్పీ, మున్సిపల్ హైస్కూలుకు ఒక్క పేజీ తయారుచేయించండి. ఆరో తరగతిలో ఎంతమంది చేరారు, వారిలో ఐదేళ్లకు పది రాసింది ఎందరు, మార్చిలోనో సప్లిమెంటరీలోనో పాసైంది ఎందరు అన్నది మొదట ఉండాలి. ఆరో తరగతి మొదట్లో పెట్టే బేస్‌లైన్ పరీక్షలో పిల్లలు ఎక్కడున్నారో దాని పక్కనే ఉండాలి. అప్పుడు బడి ఎంత నడిపించిందో తెలుస్తుంది. మూడేళ్ల సగటు, సబ్జెక్టువారీగా. ఏ సబ్జెక్టు టీచరు పోస్టు ఎన్ని నెలలు ఖాళీగా ఉంది. జనవరి నుంచి మార్చి దాకా హాజరు. ట్రిపుల్ ఐటీ, ఎన్‌ఎంఎంఎస్ సంఖ్యలు. పది తర్వాత ఇంటర్, పాలిటెక్నిక్, ఐటీఐలో చేరినవాళ్లు ఎందరు, ఆడపిల్లల లెక్క విడిగా. బడివేళకు బస్సు ఉందా లేదా. అంతే. మరుగుదొడ్లూ తాగునీరూ గదులూ యూడైస్‌లో ఎలాగూ కనిపిస్తాయి, నాడు-నేడు పథకం తర్వాత వాటి మీద ఫోటోలకు కొదవ లేదు.

ఈ పేజీలో రెండు జాగ్రత్తలు. పిల్లల పేర్లు, కులం, ఫోటోలు ఏవీ ఉండకూడదు. 12 మంది ఉన్న తరగతిలో 'ఫెయిలైనవారు 1' అని రాస్తే ఆ ఒక్కరు ఎవరో ఊరంతా వేలుపెట్టి చూపుతుంది, కాబట్టి చిన్న బడులకు ఏడాది అంకె వద్దు, మూడేళ్లది కలిపి చూపాలి. రెండోది, ఈ పేజీలను మళ్లీ ఒకటి నుంచి చివరి దాకా వరుసపెట్టకూడదు. పోలిక కావాలంటే ఒకేలాంటి బడులను పక్కపక్కన పెట్టాలి. తండా పిల్లలు సగానికి పైగా ఉన్న వెల్దుర్తి బడిని దుర్గి బడితో, నరసరావుపేట పట్టణంలోని శంకరభారతీపురం జెడ్పీ హైస్కూలును మాచర్ల పట్టణ బడితో. గురజాల బడికి గురుకులంతో పోటీ పెట్టడం అన్యాయమని ఎవరికైనా తెలుసు, పట్టికలో మాత్రం ఏటా అదే జరుగుతోంది.

ఒక్క అంకెను తలపై పెడితే ఏం జరుగుతుందో ఈ రాష్ట్రం 2022లో చూసింది. పదో తరగతి ప్రశ్నపత్రాల ఫోటోలు పరీక్ష మొదలైన కాసేపటికే వాట్సాప్‌లో తిరిగాయి. అరెస్టయినవాళ్లలో పలువురు ఉపాధ్యాయులున్నారు. వాళ్ల తప్పు వాళ్లదే. కానీ శాతం తప్ప ఇంకేమీ అడగని వ్యవస్థలో శాతం కోసం అడ్డదారులు తొక్కేవాళ్లు పుట్టుకొస్తారు. అమెరికాలోని అట్లాంటా నగరంలో 2011లో ఇదే బయటపడింది. 178 మంది టీచర్లు, ప్రిన్సిపాళ్లు జవాబు పత్రాల మోసంలో ఉన్నారని ప్రభుత్వ దర్యాప్తు తేల్చింది. ఏడెనిమిది రకాల అంకెలు పక్కపక్కన ఉంటే ఒకదాన్ని ఉబ్బించడం వల్ల లాభం తగ్గుతుంది.

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన ఈ జిల్లాకు జిల్లా పరిషత్తు ఇంకా ఉమ్మడి గుంటూరుదే. అందుకే ఈ విన్నపం నేరుగా మీకు వస్తోంది. జిల్లా స్థాయిలో డీఈవోను, ఆర్టీసీని, సంక్షేమ వసతిగృహాలను, కార్మికశాఖను ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టగలిగింది కలెక్టరే. బస్సు వేళ మార్చడం డీఈవో చేతిలో లేదు, మిరప కోతల నెలల్లో బడి పిల్లలకు కాలానుగుణ వసతిగృహం తెరవాలంటే ఒక్క ఎంఈవో సంతకం చాలదు.

పని ఎప్పటికి కావాలన్నది కూడా చెప్పాలి. వేసవి సెలవుల తర్వాత జూన్ 12న బడులు తెరుస్తారు. ఆరో తరగతి చేరికలు ఆ వారంలోనే జోరుగా సాగుతాయి. ప్రైవేటు స్కూళ్ల వ్యాన్లు మే నెలంతా ఊళ్లలో తిరుగుతాయి. అంటే ఈ పేజీలు మే చివరి వారానికి గ్రామ సచివాలయం నోటీసు బోర్డు మీద, బడి గేటు మీద తెలుగులో అతికించి ఉండాలి. వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో హెచ్‌ఎం దాన్ని చదివి వినిపించాలి, ప్రశ్నలకు జవాబు చెప్పాలి. మొదటి ఏడాది 28 మండలాల్లో వద్దనుకుంటే గురజాల డివిజన్లో మొదలుపెట్టండి. బేస్‌లైన్ అంకెలు లేని బడుల్లో ఆ గడిని ఖాళీగానే వదలండి, నింపడానికి అంచనాలు వేయించవద్దు. ఖాళీ గడి ఉంటే మర్నాటి సమీక్షలో అది ఎందుకు ఖాళీగా ఉందో ఎవరో ఒకరు అడుగుతారు.